విశ్రాంతి కూడా డ్యూటీయే

అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలకు దేనివల్ల ముప్పు అని అడిగితే ఎవరైనా ముందు మంట పేరే చెబుతారు. ఆ తర్వాత కూలే గోడ, పేలే గ్యాస్ సిలిండర్, తెగిపడిన కరెంటు తీగ గుర్తొస్తాయి. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ స్టెఫానోస్ కేల్స్ బృందం అమెరికా రికార్డులు తిరగేసినప్పుడు వాటిలో అగ్రస్థానంలో కనిపించింది వేరొకటి. 2001 సెప్టెంబర్ 11 దాడుల మృతులను మినహాయిస్తే, 1994 నుంచి 2004 వరకు అక్కడ డ్యూటీలో చనిపోయిన 1,144 మందిలో 449 మందిని, అంటే నూటికి 39 మందిని, గుండెజబ్బు పొట్టన పెట్టుకుంది.

2007లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన ఆ అధ్యయనంలో ఇంకో లెక్క ఉంది. మంటలార్పడానికి ఒక ఫైర్‌మన్ వెచ్చించే సమయం ఏడాది మొత్తం డ్యూటీలో 1 నుంచి 5 శాతమే. గుండెజబ్బు మరణాల్లో 32 శాతం మాత్రం ఆ కాస్త సమయంలోనే జరిగాయి. మరో 17 శాతం మంటలు ఆర్పి తిరిగొచ్చే దశలో జరిగాయి. పని అయిపోయిందని అందరూ తేలికపడే వేళకు శరీరం ఇంకా తేరుకోలేదన్నమాట.

ఈ అధ్యాయం ఆ వేళ గురించే. విశ్రాంతి అంటే అలసినవాడు మొహమాటపడుతూ అడిగి తీసుకునే వెసులుబాటని మన స్టేషన్లలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. దాన్ని అధికారి ఆర్డరు వేసి చేయించాల్సిన పనుల జాబితాలోకి మార్చుకోవడం ఎలాగో ఇక్కడ వివరంగా చూద్దాం. ఇందులో కొంత ఫైర్‌మన్‌కు, కొంత స్టేషన్ ఆఫీసర్‌కు, కొంత ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు పనికొస్తుంది.

కోటు లోపలి వేడి

మందపాటి ఫైర్ సూట్, బూట్లు, హెల్మెట్, వీపున బీఏ సెట్ (గాలి సిలిండర్‌తో ఊపిరి తీసుకునే పరికరం) కలిపితే 20 కిలోలు దాటుతాయి. ఆ బరువుతోనే మెట్లెక్కాలి, నీళ్లు నిండిన హోస్ లాగాలి, షట్టర్లు పగలగొట్టాలి, స్పృహ తప్పినవాళ్లను భుజాన వేసుకుని దిగాలి. బయటి వేడిని లోపలికి రానివ్వని సూటు లోపలి వేడిని బయటికీ పోనివ్వదు. చెమట ధారగా కారుతుంది కానీ ఆరదు. ఆరని చెమట వల్ల ఒళ్లు చల్లబడదు.

అప్పుడు రక్తం కోసం రెండు వైపుల నుంచి లాగుడు మొదలవుతుంది. బరువు మోసే కండరాలకు రక్తం కావాలి, వేడిని వదిలించుకోవాల్సిన చర్మానికీ కావాలి. ఇదే సమయంలో చెమట రూపంలో నీరు పోయి రక్తంలోని ద్రవభాగం తగ్గుతుంది, రక్తం చిక్కబడుతుంది. ఉన్న కాస్త రక్తాన్నే అన్ని చోట్లకూ తిప్పాలి కాబట్టి గుండె వేగం పెంచుతుంది.

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. పొగతాగే అలవాటు లేని, ఆరోగ్యంగా ఉన్న 19 మంది ఫైర్‌ఫైటర్లను శిక్షణ కోసం పెట్టిన మంటల్లోకి సుమారు 20 నిమిషాలు పంపారు. బయటికొచ్చేసరికి వాళ్ల శరీర ఉష్ణోగ్రత సగటున దాదాపు 1 డిగ్రీ పెరిగింది. రక్తం గడ్డకట్టే స్వభావం 66 శాతం ఎక్కువైంది. రక్తనాళాలు సడలాల్సినంతగా సడలలేదు. ఈ ఫలితాలు 2017లో ‘సర్క్యులేషన్’ పత్రికలో వచ్చాయి. ఏ జబ్బూ లేనివాళ్ల సంగతే ఇలా ఉంటే, యాభై దగ్గరపడి, బీపీ బిళ్ల వేసుకుంటూ, మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో జిన్నింగ్ మిల్లు మంటలార్పుతున్న మనిషి గుండె ఎంత భారం మోస్తోందో ఊహించవచ్చు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. మంటల్లోంచి బయటికి రాగానే ఒంటి వేడి దిగడం మొదలుకాదు. కండరాల్లో పుట్టిన వేడి కొన్ని నిమిషాల పాటు లోపలి అవయవాలకు చేరుతూనే ఉంటుంది. కోటు విప్పకుండా గోడకు జారగిలబడి ‘కాసేపు ఊపిరి తీసుకున్న’ మనిషికి ఆ కాసేపట్లో లోపలి ఉష్ణోగ్రత ఇంకాస్త పెరిగి ఉండొచ్చు.

ఆగమని ఎవరు చెప్పాలి?

‘నాకేం కాలేదు సార్, ఇంకో రౌండ్ వెళ్లొస్తా’ అనే మాట వినని స్టేషన్ ఆఫీసర్ ఉండడు. అది ధైర్యమే, సందేహం లేదు. అయితే వేడెక్కిన మెదడు తన పరిస్థితిని తాను సరిగ్గా అంచనా వేసుకోలేదు. అందుకే అమెరికాలో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ఈ నిర్ణయాన్ని అలసిన మనిషి చేతిలోంచి తీసేసింది. 2003లో సిఫారసుగా మొదలై 2008 నాటికి ప్రమాణంగా మారిన ఎన్‌ఎఫ్‌పీఏ 1584 పెట్టిన లెక్క ఇది: 30 నిమిషాల గాలి సిలిండర్లు రెండు వాడినా, 45 లేదా 60 నిమిషాల సిలిండర్ ఒకటి వాడినా, బీఏ సెట్ లేకుండా 40 నిమిషాలు గట్టిగా పనిచేసినా ఆ మనిషి విశ్రాంతి స్థలానికి వెళ్లి తీరాలి. అక్కడ కనీసం 20 నిమిషాలు ఉండాలి. మొదటి 30 నిమిషాల సిలిండర్ అయ్యాక కూడా 10 నిమిషాలు కూర్చుని నీళ్లు తాగాలి.

దీన్ని మన దగ్గర అమలు చేయడానికి కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు. బీఏ సెట్ వేసుకుని లోపలికి వెళ్లేవాళ్ల పేరు, సిలిండర్ ప్రెషర్, వెళ్లిన సమయం రాసే బోర్డు ఎలాగూ ఉండాలి. అందులో ఇంకో గడి గీసుకుంటే చాలు, ఎన్నో సిలిండర్, ఎన్ని గంటలకు విశ్రాంతికి వెళ్లాడు అని రాసుకోవచ్చు. విశ్రాంతి తీసుకోకుండా తర్వాతి సిలిండర్ అందుకోవడానికి వచ్చినవాడిని బోర్డు దగ్గరున్న మనిషే ఆపేస్తాడు. జంటగా లోపలికి వెళ్లినవాళ్లను జంటగానే విశ్రాంతికి పంపాలి. ఒకడు కూర్చుని ఇంకొకడు నిలబడితే కూర్చున్నవాడికి స్థిమితం ఉండదు. రెండు గంటలు దాటిన ఆపరేషన్‌లో ఆఫీసర్ కూడా తన పగ్గాలు పక్కవాడికిచ్చి 20 నిమిషాలు కూర్చోవాలి. ఆయన కూర్చున్నాడని చూశాకే మిగతావాళ్లు కూర్చుంటారు.

ఒక్క ఫైరింజన్, అయిదారుగురు మనుషులున్న చిన్న స్టేషన్‌లో ఇది కుదిరేపనేనా అని అడగవచ్చు. మనుషులు తక్కువున్నచోట రెండో బండిని పిలిచే సమయాన్ని ముందుకు జరపాలి. నీళ్లు అయిపోయాక పిలవడం అందరికీ అలవాటే. మనుషులు అలసిపోకముందే పిలవడం నేర్చుకోవాలి. పెద్ద మంట అని తేలగానే 108 అంబులెన్సును కూడా రప్పించి అక్కడే నిలపాలి. మంటల్లో చిక్కుకున్నవాళ్లతో పాటు ఆర్పేవాళ్లకూ అది అవసరమే.

బకెట్టు, తువ్వాలు, మజ్జిగ

విశ్రాంతి స్థలం పొగ వాలు లేని వైపు, నీడపట్టున, ఇంజన్ల పొగగొట్టాలకు దూరంగా ఉండాలి. ఎదురుగా మంట కనిపిస్తుంటే ఎవరూ కుదురుగా కూర్చోరు కాబట్టి గోడ చాటు దొరికితే ఇంకా మంచిది. అక్కడికి రాగానే చేయాల్సిన మొదటి పని హెల్మెట్, హుడ్, కోటు తీసేసి, ప్యాంటును మోకాళ్ల దాకా జార్చి కూర్చోవడం. బొత్తాలు విప్పుకుంటే సరిపోదు.

రెండో పని చేతులు నీళ్లలో పెట్టడం. కెనడాలోని టొరంటో ఫైర్‌ఫైటర్లపై 2004లో వచ్చిన ఒక అధ్యయనం దీని బలాన్ని చూపించింది. 35 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గదిలో ఫైర్ సూట్లతో పనిచేయిస్తూ మధ్యమధ్య విశ్రాంతినిచ్చారు. విశ్రాంతిలో ఊరికే కూర్చున్నవాళ్లు మొత్తం సుమారు 108 నిమిషాలు తట్టుకున్నారు. నీటి తుంపరల ఫ్యాను ముందు కూర్చున్నవాళ్లు 139 నిమిషాల దాకా నిలబడ్డారు. మోచేతుల దాకా చేతుల్ని చల్లటి నీళ్లలో ముంచుకుని కూర్చున్నవాళ్లు దాదాపు 179 నిమిషాలు తట్టుకోగలిగారు. అరచేతుల్లో, ముంజేతుల్లో చర్మం కిందే రక్తనాళాలు దండిగా ఉంటాయి. అక్కడ చల్లబడిన రక్తం తిరిగి గుండెకు చేరి ఒంటినంతా చల్లబరుస్తుంది.

దీనికి కావలసినవి రెండు ప్లాస్టిక్ బకెట్లు, శుభ్రమైన నీళ్లు. నేల మీద పారే మసినీళ్లు పనికిరావు. మెడ మీద, తల మీద తడి తువ్వాలు వేసుకుని, అది వెచ్చబడగానే మార్చుకోవాలి. బకెట్లు, తువ్వాళ్లు, మడత కుర్చీలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఒక సంచిలో వేసి ఫైరింజన్‌లో శాశ్వతంగా ఉంచితే సంఘటన స్థలంలో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఇక తాగడం. దాహం వేసేదాకా ఆగకూడదు, ఎందుకంటే దాహం ఎప్పుడూ ఆలస్యంగానే వేస్తుంది. వేడిలో పనిచేసేవాళ్లు 15, 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే పావు లీటరుకు కాస్త తక్కువ తాగాలి. గంటకు లీటరున్నర మించకూడదు. గటగటా నాలుగు లీటర్లు పట్టిస్తే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోతుంది. పని గంట దాటితే ఉట్టి నీళ్లతో పాటు ఓఆర్‌ఎస్, ఉప్పేసిన పలచటి మజ్జిగ, కొబ్బరినీళ్లు ఇవ్వాలి. మంటలారుతున్న వీధిలో చుట్టుపక్కల దుకాణాలవాళ్లు అభిమానంతో టీలు, కూల్‌డ్రింకులు తెచ్చి పెడతారు. వాళ్ల మనసు నొప్పించకుండా, మజ్జిగ ప్యాకెట్లు తెమ్మని ముందే చెప్పడం తెలివైన పని. అసలైన సన్నాహం మాత్రం డ్యూటీ ఎక్కిన క్షణం నుంచే మొదలవ్వాలి. పొద్దున్నుంచీ నీళ్లు తాగని మనిషి కాల్ వచ్చేసరికే సగం ఎండిపోయి ఉంటాడు.

20 నిమిషాలయ్యాక నాడి చూడాలి. అప్పటికీ గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటున్నా, బీపీ 160/100 దాటి ఉన్నా ఆ మనిషిని మళ్లీ లోపలికి పంపకూడదు. ఇంకో 20 నిమిషాలు చూసి, అప్పుడూ దిగకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇవి కనబడితే ఆలోచించకూడదు

ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కూర్చున్నా తగ్గని ఆయాసం, ఒక్కసారిగా పట్టే చల్లచెమట. వీటిని గ్యాస్ నొప్పి అనుకుని ఈనో తాగి సరిపెట్టుకోవడం మన దగ్గర మామూలే. మంటల దగ్గర్నుంచి వచ్చిన మనిషిలో అవి కనబడితే గుండెపోటుగానే భావించి ఈసీజీ తీయించాలి.

మాట తడబడటం, తిక్కగా ప్రవర్తించడం, తూలిపోవడం వడదెబ్బకు గుర్తులు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే ప్రతి నిమిషం విలువైనదే. ఇక్కడ నియమం ఒకటే, ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. బట్టలు తీసేసి ఒళ్లంతా నీళ్లతో తడుపుతూనే ఉండాలి. అందుకు కావలసిన నీళ్లు, పైపు చేతిలోనే ఉన్న శాఖ ఇది.

తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, మగత మూడూ కలిస్తే కార్బన్ మోనాక్సైడ్‌ను అనుమానించాలి. హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా ఈ వాయువు 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. వేలికి పెట్టే మామూలు పల్స్ ఆక్సీమీటర్‌కు ఈ రెండింటికీ తేడా తెలియదు. మనిషి విషవాయువుతో నిండిపోయినా అది 98 చూపించగలదు. ఆ అంకె చూసి ధీమా పడకుండా వెంటనే మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇవ్వాలి. మామూలు గాలిలో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. పూర్తి ఆక్సిజన్ మీద గంటన్నర లోపే తగ్గుతుంది.

ఫోమ్ పరుపులు, సోఫాలు, నైలాన్ బట్టలు కాలినచోట హైడ్రోజన్ సయనైడ్ కూడా పుడుతుంది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకుల ప్రాణాలు తీసింది పొగే. అదే ఏడాది జనవరి 19న నల్లగుట్టలోని డెక్కన్ మాల్ భవనంలో బట్టల నిల్వలు పొద్దున్నుంచి రాత్రి దాకా కాలినప్పుడు మంటలార్పడానికి వెళ్లినవాళ్లలో కొందరు ఆ పొగకే అస్వస్థులయ్యారు. ఇలాంటి మంటల నుంచి వచ్చి స్పృహ తప్పినవాళ్ల విషయంలో, కాలిన సరుకు ఏమిటో ఆసుపత్రి డాక్టరుకు చెప్పడం ముఖ్యం. సయనైడ్‌కు హైడ్రాక్సోకోబాలమిన్ అనే విరుగుడు ఉంది. అనుమానం వస్తేనే డాక్టరు దాన్ని తెప్పిస్తారు.

మంట ఆరాక తీసే మాస్కు

‘మంటలు అదుపులోకి వచ్చాయి, కూలింగ్ జరుగుతోంది’ అని టీవీలో స్క్రోలింగ్ రాగానే లోపలున్నవాళ్లు మాస్కు తీసేస్తారు. పొగ పలచబడింది, మాస్కుతో ఉక్కపోస్తోంది, తీయకుండా ఉండటం కష్టమే. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో పరిశోధకులు 25 మంటల్లో సరిగ్గా ఈ కూలింగ్ దశలోనే గాలిని పరీక్షించారు. కంటికి పొగ లేదనిపించిన గాలిలో కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్, బెంజీన్ వంటివి కొన్నిచోట్ల అనుమతించిన పరిమితులు దాటి కనిపించాయి. గ్యాస్ డిటెక్టర్ ఉంటే దాని రీడింగు చూశాకే మాస్కు తీయాలి. అది లేకపోతే కూలింగ్ పూర్తయ్యేదాకా తీయకూడదు. బీఏ సెట్లు తక్కువున్నచోట లోపలికి పంపే మనుషుల సంఖ్యను తగ్గించి, వంతులవారీగా పంపాలి.

ముక్కుకు అడ్డం పెట్టినా చర్మం దారి తెరిచే ఉంటుంది. మసిలో ఉండే పీఏహెచ్‌లనే రసాయనాలు ఎక్కువగా మెడ దగ్గర నుంచి ఒంట్లోకి దిగుతాయని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్ పరిశోధకుడు కెన్నెత్ ఫెంట్ బృందం గుర్తించింది. సంఘటన స్థలంలోనే తడి వైప్‌తో మెడ తుడుచుకుంటే ఆ మసిలో సగం పైగా పోతుంది. సూటును పొడి బ్రష్‌తో దులిపితే 23 శాతం కల్మషమే పోయింది. సబ్బునీళ్లు చల్లి బ్రష్‌తో రుద్ది కడిగితే 85 శాతం పోయింది. 2017లో వెలువడిన ఈ అంకెలు ఏ స్టేషన్ గోడకైనా రాసిపెట్టుకోదగినవి.

ఇంత పట్టుదల ఎందుకంటే, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఫైర్‌ఫైటర్ వృత్తినే మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో చేర్చింది. మూత్రాశయ క్యాన్సర్, ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమా విషయంలో తగినంత సాక్ష్యం ఉందని తేల్చింది. స్వీడన్‌లోని షెలెఫ్టియో పట్టణ ఫైర్‌ఫైటర్లు అంతకుముందే మేలుకుని మురికి, శుభ్రం అనే రెండు గీతల మధ్య తమ పనినంతా పునర్వ్యవస్థీకరించుకున్నారు. మంట దగ్గర వాడిన సూటు అక్కడే గాలి చొరని సంచిలోకి వెళ్తుంది. మనుషులు వేరే బట్టలు వేసుకుని బండెక్కుతారు. సూటు ఉతికాకే స్టేషన్‌లోని శుభ్రమైన భాగంలోకి వస్తుంది.

మన స్టేషన్లకు సరిపడే వరుస ఇది:

• కూలింగ్ అయ్యాక, మాస్కు తీయకముందే, సన్నటి ధారతో ఒకరి సూటును ఇంకొకరు సబ్బునీళ్లతో కడగాలి.

• మెడ, ముఖం, చెవుల వెనక, చేతులు తుడుచుకోవాలి. అంతవరకు తినడం, బీడీ ముట్టించడం, ఖైనీ నలపడం వద్దు. చేతి మసి నేరుగా నోట్లోకి పోతుంది.

• సూటు, హుడ్, గ్లవ్స్ సంచిలో వేసి మూతి కట్టాలి. అవి గంటల తరబడి విషవాయువులు వదులుతూనే ఉంటాయి. డ్రైవర్ క్యాబిన్‌లో తగిలించకూడదు.

• స్టేషన్‌కు చేరిన గంటలోపు తలస్నానం చేయాలి.

• యూనిఫాం స్టేషన్‌లోనే ఉతకాలి. బైకు మీద ఇంటికి తీసుకెళ్లి పిల్లల బట్టలతో కలిపి వాషింగ్ మెషీన్‌లో వేస్తే మసి ఇంటిల్లిపాదికీ పంచినట్టవుతుంది.

ఆ రాత్రి, మర్నాడు

రాత్రంతా మంటలతో గడిపి, తెల్లవారి ఛార్జి అప్పగించి, బైకు తీసి ముప్పై కిలోమీటర్లు వెళ్లేవాళ్లు చాలామంది. 17 గంటలు వరుసగా మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1990ల చివరి నుంచి జరిగిన పరీక్షలు చూపించాయి. మన దేశంలో డ్రంకెన్ డ్రైవ్ పరిమితి 0.03 శాతం. పెద్ద మంట తర్వాత స్టేషన్‌లోనే కనీసం అరగంట కునుకు తీయాలి, లేకపోతే బస్సెక్కాలి. ఈ ఏర్పాటు చూడటం ఆఫీసర్ బాధ్యత.

తిండి తేలిగ్గా ఉండాలి. పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు చాలు. బడలిక తీరడానికి ఒక పెగ్గు అనే అలవాటు ఆ రోజు మాత్రం మరింత చెరుపు చేస్తుంది. మద్యం వల్ల ఒంట్లో నీరు ఇంకా పోతుంది, నిద్ర ముక్కలవుతుంది. మూత్రం రంగు చూసుకోవాలి. ముదురు పసుపైతే ఇంకా నీళ్లు తాగాలి. టీ డికాషన్ రంగులో వస్తూ కండరాలు విపరీతంగా నొప్పి పుడితే, దెబ్బతిన్న కండరాల వ్యర్థాలు మూత్రపిండాల మీద పడుతున్నాయని అర్థం. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వేడి దెబ్బ తిన్న మనిషి మర్నాడే మళ్లీ సూటు వేసుకుంటే తొందరగా పడిపోతాడు, కాబట్టి డాక్టరు సరేననే దాకా అతన్ని కంట్రోల్ రూమ్ పనికో, వాచ్ రూమ్‌కో మార్చాలి.

ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన మాట కూడా ఇక్కడే ఉంది. మంటల నుంచి వచ్చిన 24 గంటల్లో ఛాతీ నొప్పి, తగ్గని తలనొప్పి, అయోమయం కనిపిస్తే ‘బాగా అలసిపోయాడు, పడుకోనిద్దాం’ అనుకోకుండా 108కి ఫోన్ చేయాలి. ఆయన పొగలో పనిచేసొచ్చాడని అంబులెన్సువాళ్లకు మొదటి మాటగా చెప్పాలి.

మనసులో మిగిలేది

2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గరి ఇంట్లో మంటలంటుకుని 17 మంది చనిపోయారు, వారిలో 8 మంది చిన్నపిల్లలు. అలాంటి చోట పనిచేసినవాళ్లకు తర్వాత ఏం చేయాలన్న ప్రశ్న మీద ప్రపంచం ఒకసారి మనసు మార్చుకుంది. అమెరికాలో మాజీ ఫైర్‌ఫైటర్, పారామెడిక్ జెఫ్రీ మిచెల్ 1983లో ఒక పద్ధతి ప్రతిపాదించారు. ఘటన జరిగిన కొద్దిరోజుల్లో జట్టునంతా కూర్చోబెట్టి, ఎవరేం చూశారో, ఏమనిపించిందో వరుసగా చెప్పించడం ఆ పద్ధతి. అది దేశదేశాలకూ పాకింది. తర్వాత కోక్రేన్ సంస్థ అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే, ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ (ఘోర అనుభవం తర్వాత వచ్చే మానసిక రుగ్మత) ఆగుతున్న దాఖలా దొరకలేదు. కొందరికి మేలు కన్నా కీడే జరిగినట్టు కనిపించింది. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2005లో దాన్ని వద్దన్నాయి.

ఇప్పుడు సూచించేది ఇంకా సరళమైనది. ఏడవాలనిపిస్తే ఏడవనివ్వాలి, మాట్లాడాలనిపిస్తే వినాలి, అనిపించకపోతే బలవంతపెట్టకూడదు. తినిపించి, ఇంటికి చేర్చి, రెండు రోజులకోసారి ఫోన్ చేసి పలకరించాలి. మొదటి వారంలో పీడకలలు, ఉలికిపాటు, చిరాకు సహజం. చాలామందిలో అవి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా నిద్ర పట్టకపోవడం, ఆ వీధి వైపు వెళ్లలేకపోవడం, మద్యం పెరగడం, పిల్లల మీద చేయి లేవడం కొనసాగితే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాలి. చచ్చిపోవాలన్న మాట వినిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ 14416 నంబరులో రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోన్ చేసినట్టు శాఖకు తెలుస్తుందేమోనన్న భయం అక్కర్లేదు.

ఏప్రిల్ వారం, ఒక రిజిస్టర్

1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వారి స్మృతిలో ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా మన స్టేషన్లన్నీ వారోత్సవాలు జరుపుతాయి. బడుల్లో, ఆసుపత్రుల్లో ప్రదర్శనలిస్తాయి. ఆ వారంలో ఒక పూట సిబ్బంది కోసం కేటాయించి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ, ఊపిరి బలాన్ని కొలిచే స్పైరోమెట్రీ పరీక్షలు చేయించవచ్చు. నలభై దాటినవాళ్లకు గుండె డాక్టరు సలహాతో ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించాలి.

ఆ కాగితాలు దాచిపెట్టుకోవడం వల్ల ఏమొస్తుందో న్యూయార్క్ చూపించింది. 2001 సెప్టెంబర్ 11న ఉగ్రదాడిలో జంట భవనాలు కూలినప్పుడు అక్కడి అగ్నిమాపక శాఖ ఒక్కరోజే 343 మందిని కోల్పోయింది. శిథిలాల దుమ్ములో నెలల తరబడి పనిచేసినవాళ్లలో ఆ తర్వాత జబ్బులతో చనిపోయినవారి సంఖ్య 2023 నాటికి ఆ 343కి చేరింది. ఆ దుమ్ము వల్లే ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టర్లు నిరూపించగలగడానికి కారణం, దాడికి ముందు ఏళ్లలో చేసిన స్పైరోమెట్రీ రికార్డులు శాఖ దగ్గర ఉండటం. పక్కపక్కన పెట్టి చూస్తే, వయసుతో పాటు 12 ఏళ్లలో తగ్గాల్సిన ఊపిరి సామర్థ్యం ఒక్క ఏడాదిలోనే తగ్గిపోయిందని తేలింది. వైద్య సాయానికి, పరిహారానికి ఆధారమైంది ఇలాంటి రికార్డులే.

కాబట్టి ప్రతి ఫైర్‌మన్ దగ్గర సొంతంగా ఒక నోటుబుక్ ఉండాలి. కాల్‌కు వెళ్లొచ్చిన రోజే అందులో ఈ విషయాలు రాసుకోవాలి: తేదీ, చోటు, కాలిన సరుకు ఏమిటి, పొగలో ఎంతసేపున్నాడు, బీఏ సెట్ వేసుకున్నాడా, ఎప్పుడు తీశాడు, ఆ రోజు, మర్నాడు ఒంట్లో ఏమైనా తేడా కనిపించిందా. పేజీకి ఫోన్‌తో ఫోటో తీసి ఇంట్లో ఒకరికి పంపి ఉంచితే బదిలీల్లో పుస్తకం పోయినా రికార్డు ఉంటుంది. రిటైరైన పదేళ్లకు మూత్రంలో రక్తం పడిందనో, ఆయాసం వస్తోందనో వెళ్లినప్పుడు డాక్టరు ముందు పెట్టాల్సింది ఈ పుస్తకమే. ఏప్రిల్ వారంలో చేసిన పరీక్షల కాగితాలు కూడా దానికే పిన్ను చేసి ఉంచుకోవాలి.